కెరూబులు పసిపాపలా?

రెక్కలున్న ఇద్దరు పసివాళ్లు. ఒకడు అరచేతిలో గడ్డం ఆనించి, వేలు పెదవిదాకా పోనిచ్చి పైకి చూస్తుంటాడు. రెండోవాడు ముడిచిన చేతుల మీద తల వాల్చి, విసుగో ధ్యానమో తెలియని ముఖంతో కళ్లు పైకెత్తి ఉంటాడు. చెదిరిన జుట్టు, నిండైన బుగ్గలు. ఈ బొమ్మ గీసినవాడి పేరు తెలియకపోయినా బొమ్మను చూడనివారు మనలో తక్కువే. క్రిస్మస్ కార్డుల మీద, పెళ్లి శుభలేఖల మీద, కేకు డబ్బాల మీద, సండేస్కూలు గోడల మీద, ఇప్పుడు ఫోన్లలో వచ్చే శుభాకాంక్షల్లో కూడా వాళ్లే! 1995లో అమెరికా తపాలా శాఖ వాళ్లను ‘ప్రేమ’ స్టాంపుల మీద అచ్చువేసింది. ఎవరు వీళ్లని అడిగితే కొందరు దేవదూతలంటారు, బైబిలు కాస్త చదివినవారు కెరూబులంటారు.

కెరూబు అన్న మాట నిజంగా మన బైబిల్లోదే. కాని బైబిల్లో ఆ మాట నిలబడిన చోటుకూ, ఈ బూరెబుగ్గల పాపడికీ మధ్య ఉన్న దూరం ఎంతో మనం ఎప్పుడైనా కొలిచి చూశామా?

బైబిల్లో కెరూబులు మొట్టమొదట కనిపించేది మూసేసిన ఒక వాకిట. ఆదాము హవ్వలను ఏదెను తోటలోనుంచి వెళ్లగొట్టాక, జీవవృక్షానికి వెళ్లే దారిని కాయడానికి దేవుడు తోటకు తూర్పున కెరూబులను కాపలా పెట్టాడు. అటూ ఇటూ తిరిగే ఖడ్గజ్వాల కూడా అక్కడే ఉంది (ఆది 3:24). వాళ్లు పాడటం లేదు, ఆడటం లేదు. ‘ఇక లోపలికి దారి లేదు’ అని చెప్పడమే వాళ్ల పని. మనిషి చేసిన పాపం తర్వాత మనిషికి కనిపించిన మొదటి దృశ్యం ఇదే.

ఆ తర్వాత సీనాయి అరణ్యంలో మోషేకు దేవుడే చెప్పి చేయించిన కెరూబులు వస్తారు. మందసం పైనున్న కరుణాపీఠానికి రెండు కొనల్లో రెండు బంగారు కెరూబులు. రెక్కలు పైకి చాచి కరుణాపీఠాన్ని కప్పుతూ, ఎదురెదురుగా ఉండి, ముఖాలు మాత్రం ఆ పీఠంవైపు తిప్పి ఉంచాలని దేవుని ఆజ్ఞ (నిర్గమ 25:18–20). అతిపరిశుద్ధ స్థలానికి ముందు వేలాడే అడ్డతెర మీద కూడా కెరూబులను చిత్రకారుని పనిగా నేయించమన్నాడు (26:31). సొలొమోను కట్టిన దేవాలయంలోనైతే ఒలీవ కర్రతో చేసి బంగారం పొదిగిన రెండు కెరూబులు ఒక్కొక్కటి పదిమూరల ఎత్తు, అంటే దాదాపు 15 అడుగులు! చాచిన వాటి రెక్కలు ఈ గోడనుంచి ఆ గోడదాకా ఉన్నాయి (1 రాజులు 6:23–28). ఆ గదిలోకి ఏడాదికి ఒక్కసారి, ఒకే ఒక్క మనిషి, అదీ రక్తం చేతబట్టుకుని అడుగుపెట్టాలి. ఆ చీకటిలో 15 అడుగుల రెక్కల కింద నిలబడిన ప్రధాన యాజకుడికి శుభలేఖ మీది పాపడు గుర్తుకొచ్చి ఉండడు.

చెరలో ఉన్న యెహెజ్కేలు కెబారు నది దగ్గర చూసిన జీవులకు ఒక్కొక్కదానికి నాలుగు ముఖాలు. మనిషి ముఖం, సింహం ముఖం, ఎద్దు ముఖం, పక్షిరాజు ముఖం. వాటి పక్కన కళ్లతో నిండిన చక్రాలు. తర్వాత యెరూషలేము దేవాలయ దర్శనంలో వాటినే మళ్లీ చూసి, అవి కెరూబులని తెలుసుకున్నానంటాడాయన (10:20). బొమ్మగా గీయడానికి లొంగని రూపమది. దాన్ని చూసిన ప్రవక్త సాగిలపడ్డాడు. ‘ఎంత ముద్దుగా ఉందో’ అనలేదు. ఆ ప్రాంతపు రాజభవనాల గుమ్మాల్లో మనిషి తల, ఎద్దు ఒళ్లు, గద్ద రెక్కలతో నిలబెట్టిన రాతి కాపలా విగ్రహాలు నేటికీ లండన్, పారిస్ మ్యూజియంలలో ఉన్నాయి. పాతనిబంధన కాలపు పాఠకుడికి కెరూబు అనగానే మనసులో మెదిలిన ఆకారం వాటికి దగ్గరగా ఉండేదని, ఉయ్యాలలోని పాపకు దగ్గరగా కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

మరి ఆ కాపలాదారుడు పసిపాప ఎప్పుడయ్యాడు?

దీనికి జవాబు ఇటలీలో ఉంది. 15వ శతాబ్దంలో అక్కడి శిల్పులు, చిత్రకారులు పాత రోము శిథిలాలను మళ్లీ తవ్వి చూడటం మొదలుపెట్టారు. కళా పునరుజ్జీవన కాలమని చరిత్రకారులు పేరుపెట్టింది ఆ రోజులకే. రోమీయుల రాతి శవపేటికల మీద రెక్కల పిల్లలు పూలదండలు మోస్తూ, చిందులేస్తూ కనిపించారు. వాళ్లు దేవదూతలు కారు. గ్రీకులు ఎరోస్ అనీ, రోమీయులు క్యుపిడ్ అనీ పిలిచిన మన్మథుడి సంతతి! ఫ్లోరెన్స్ శిల్పి డొనాటెల్లోకు ఆ పిల్లలు ఎంతో నచ్చారు. 1433–39 మధ్య ఫ్లోరెన్స్ కథీడ్రల్‌లో పాటల గ్యాలరీకి ఆయన చెక్కిన పాలరాతి పలకల మీద రెక్కల పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ నాట్యం చేస్తుంటారు. మాంసం, ఎముక, ఊపిరి ఉన్నట్టే ఉంటాయి ఆ రాళ్లు. అదే కథీడ్రల్‌కు దాదాపు అదే సమయంలో లూకా డెల్లా రోబియా చెక్కిన మరో గ్యాలరీ 150వ కీర్తన మీద ఆధారపడింది. బూరలూదేవాళ్లు, సితారా మీటేవాళ్లు, తంబురలు కొట్టేవాళ్లు, పుస్తకం పట్టుకుని పాడేవాళ్లు. అందులోని పిల్లలకు రెక్కల్లేవు. దేవుణ్ణి స్తుతించడానికి రెక్కలెందుకన్నట్టు నోరారా పాడుతుంటారు. మమ్మల్ని అడిగితే ఆ రెంటిలో లూకాదే మన గాయకబృందాలకు దగ్గరి చుట్టం.

ఇలా అన్యదేవత పిల్లలు చర్చిలోకి నడిచొచ్చారు. ఇటాలియన్లు వాళ్లకు పెట్టిన పేరు ‘పుట్టో’. పిల్లవాడని అర్థం. కెరూబన్న పేరు అంటుకోవడానికి ఇంకో కారణముంది. దాదాపు క్రీ.శ. 500లో ఒక రచయిత అపొస్తలుల కార్యములలో కనిపించే దియొనూసి పేరు పెట్టుకుని పరలోక సేనలను తొమ్మిది తరగతులుగా విభజించాడు. సెరాపులది మొదటి తరగతి, దేవుని ప్రేమతో మండేవారు. కెరూబులది రెండోది, దేవుని జ్ఞానంతో నిండినవారు. ఇన్ని తరగతులు బైబిల్లో ఎక్కడా లేవు. అయినా చిత్రకారులకు ఇదొక రంగుల పట్టికలా ఉపయోగపడింది. సెరాపులకు ప్రేమజ్వాల ఎరుపు, కెరూబులకు ఆకాశపు నీలం. 1452 ప్రాంతంలో ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫూకే గీసిన మరియ చిత్రం బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో ఉంది. మరియ వెనుక ఒళ్లంతా ఎర్రటి పిల్లలు, ఒళ్లంతా నీలి పిల్లలు గుంపుగా నిలబడి ఉంటారు. కొందరు చిత్రకారులు ఒళ్లు కూడా వదిలేసి, తలకు రెండు రెక్కలు మాత్రం తగిలించారు. దూతలకు దేహం లేదు కాబట్టి దేహం గీయలేదు. తల జ్ఞానానికి గుర్తు, రెక్క వేగానికి గుర్తు. పసితనం పాపం ఎరుగని స్థితికి గుర్తు. ఆలోచన లేకుండా గీసినవి కావవి.

ఇందులో సత్యం లేకపోలేదు. చిన్నబిడ్డలాగా అంగీకరిస్తేనే దేవుని రాజ్యమని మన ప్రభువే చెప్పాడు కదా (లూకా 18:17). అయితే చిక్కు ఇంకోచోట ఉంది. రాఫేల్ సంగతే చూడండి. దాదాపు 1512–14 ప్రాంతంలో రోములో అగస్టినో కీజీ అనే బ్యాంకరు విలాసగృహం గోడ మీద గ్రీకు జలకన్య గలాటియాను ఆయన గీశాడు. ఆమె తల పైన రెక్కల పిల్లలు విల్లు ఎక్కుపెట్టి ఉంటారు. మన స్టాంపు పిల్లలిద్దరిని మరియ పాదాల కింద గీసిందీ ఆయనే, ఆ సంవత్సరాల్లోనే! అక్కడ మన్మథులు, ఇక్కడ కెరూబులు. చేతిలో విల్లు తీసేస్తే ముఖాల్లో పెద్ద తేడా లేదు. పరిశుద్ధతకూ సరసానికీ ఒకే ముఖం తగిలిస్తే చూసేవాడి మనసులో రెండోదే గెలుస్తుంది. శుభలేఖల మీద జరిగిందదే.

కాని ఇక్కడ రాఫేల్‌కు న్యాయం చేయాలి. ఆ ఇద్దరు పసివాళ్లు విడి బొమ్మ కాదు. మనుషులు కత్తిరించి తెచ్చుకున్న ముక్క. పూర్తి చిత్రం ఎత్తు రెండున్నర మీటర్ల పైనే. రెండవ జూలియస్ పోపు 1512లో పియాచెంజా పట్టణంలోని సాన్ సిస్టో సన్యాసుల చర్చి కోసం దాన్ని రాఫేల్ చేత గీయించాడు. 1754లో అది జర్మనీలోని డ్రెస్డెన్ చేరింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మాస్కోకు వెళ్లి 1955లో తిరిగొచ్చింది, నేటికీ డ్రెస్డెన్ గ్యాలరీలో ఉంది. ఆ చిత్రంలో ఏముంది? రెండు పక్కలకు తొలగించిన ఆకుపచ్చ తెర. తెర వెనుకనుంచి, మేఘాల మీద, వట్టికాళ్లతో మరియ నడిచి వస్తోంది, చేతుల్లో బాలయేసు. కుడి ఎడమల ఇద్దరు పరిశుద్ధులు. వెనకున్న మేఘాన్ని పరికించి చూస్తే అది మేఘం కాదు, లెక్కలేనన్ని లేత ముఖాలు. అన్నిటికన్నా కింద, అంచున చేతులానించి మన ఇద్దరు పిల్లలు.

తల్లి ముఖంలో చిరునవ్వు లేదు. బిడ్డ కళ్లు పెద్దవై ఎదురుగా దేన్నో చూస్తున్నాయి. అది ఏమిటి? ఆ చర్చిలో ఈ చిత్రానికి ఎదురుగా సిలువ ఉండేదనీ, తల్లీబిడ్డా చూస్తున్నది దాన్నేననీ కొందరు పండితుల అభిప్రాయం. అది రుజువైనా కాకపోయినా, ఆ తెర సంగతి మాత్రం మన కళ్లకు కనబడుతూనే ఉంది. తెర తొలగింది. తెర లోపలివాడు బయటికి వస్తున్నాడు. ఒకప్పుడు కెరూబులను నేసిన తెర మనుషుల్ని లోపలికి రానివ్వలేదు. ఇక్కడ కెరూబులు తెర కింద కాపలా మానేసి, పైకి చూస్తూ ఉండిపోయారు. దేవదూతలు సైతం తొంగిచూడగోరే సంగతులని పేతురు రాసింది వీటి గురించే (1 పేతురు 1:12).

ఇప్పుడు ఆలోచించండి, అందులోనుంచి కింది అంచు మాత్రం కోసుకొచ్చి పైన ఉన్న క్రీస్తును వదిలేశాం! పిల్లలు పైకి చూస్తూనే ఉన్నారు. పైన కేకు డబ్బా మూత తప్ప ఏమీ లేదు.

ప్రొటెస్టెంటులం కాబట్టి బొమ్మల గొడవ మనది కాదని కొందరనుకోవచ్చు. కాని ఆ వాదం కెరూబుల దగ్గర నిలవదు. ఏ స్వరూపాన్నీ చేసుకుని పూజించవద్దని ఆజ్ఞాపించిన దేవుడే అయిదు అధ్యాయాలు తిరగకుండా కెరూబులను చేయమన్నాడు. సంస్కర్త జాన్ కాల్విన్ దీనికి ఇచ్చిన వివరణ మాకు బాగా నచ్చుతుంది. ఆ రెక్కలు చూపించడానికి చాచినవి కావట, కప్పడానికి చాచినవట. దేవుణ్ణి బొమ్మగా చూడలేమని చెప్పే బొమ్మలవి అన్నమాట. రెండు రెక్కల మధ్య, కరుణాపీఠం మీద ఏ విగ్రహమూ లేదు, ఖాళీ స్థలముంది. దేవుడు మోషేతో మాట్లాడతానన్నది అక్కడినుంచే. కెరూబుల ప్రాముఖ్యమంతా తమలో కాదు, తమ మధ్యనున్న ఆ స్థలంలో ఉంది. వాళ్లను ఒంటరిగా తెచ్చి గోడకు తగిలిస్తే అర్థం పోయేది అందుకే.

ఇదంతా పండితుల చర్చలా అనిపిస్తే, ఒక్కసారి సమాధుల తోటకు రండి. మన సంఘాల్లో పసిబిడ్డ చనిపోయినప్పుడు ఫ్లెక్సీ మీద ఆ బిడ్డ ఫొటోకు రెండు తెల్లటి రెక్కలు అతికించడం కొత్తగా మొదలైంది. ఓదార్చడానికి వచ్చినవారు, కొన్నిసార్లు సేవకులు కూడా, ‘మీ పాప దేవదూత అయిపోయిందమ్మా, దేవునికి ఇంకో దూత కావలసి వచ్చి తీసుకెళ్లాడు’ అంటారు. ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. కాని ఆ మాట తల్లి గుండెలో ఎలా దిగుతుందో ఊహించండి. కోట్లాది దూతలున్న దేవునికి నా ఒక్క బిడ్డే కావలసి వచ్చిందా? అటువంటి దేవునికి ఆ తల్లి రేపు ఎలా ప్రార్థన చేయగలదు?

వాక్యంలో ఈ బోధ లేదు. మనుషులు చనిపోయి దూతలవుతారని ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఒక్కచోటా లేదు. చిన్నవారి దూతలు పరలోకంలో తండ్రి ముఖాన్ని ఎల్లప్పుడూ చూస్తుంటారని యేసు అన్నాడు నిజమే (మత్తయి 18:10). కాని చిన్నవారే ఆ దూతలని అనలేదు. కుమారుణ్ణి కోల్పోయిన దావీదు తన కోసం బిడ్డ తిరిగిరాడనీ, తానే బిడ్డ దగ్గరికి వెళ్తాననీ చెప్పాడు (2 సమూ 12:23). వెళ్లేది బిడ్డ దగ్గరికే, రెక్కలు మొలిచిన మరెవరి దగ్గరికో కాదు. దేవుని కుమారుడు దూతల స్వభావాన్ని ధరించలేదు, మన స్వభావాన్ని ధరించాడు (హెబ్రీ 2:16). దూత కావడం మనకు పై మెట్టు కాదు. దూతలకే లేని భాగ్యం మనది!

యాయీరు కూతురి ఇంట్లో మన ప్రభువు ఏం చేశాడో చూడండి. పన్నెండేళ్ల ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, చిన్నదానా అని పిలిచి లేపాడు. ఆమె లేచి నడిచింది. అందరూ నోళ్లు తెరిచి నిలబడి ఉంటే ఆయన చెప్పిన తర్వాతి మాట పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని (మార్కు 5:43). దూతకు అన్నం అక్కర్లేదు. ఆ పిల్లకు ఆకలేసింది. పునరుత్థానమంటే ఆకలి గుర్తుపట్టే దేవుడు బిడ్డను బిడ్డగానే తిరిగి ఇవ్వడం. తల్లికి చెప్పవలసింది ఇది.

ఆశ్చర్యమేమిటంటే, ఈ సంగతి తెలిసిన కళాకారులు ఆ ఫ్లోరెన్స్‌లోనే ఉన్నారు. దిక్కులేని పసిబిడ్డల కోసం పట్టునేత వర్తకుల సంఘం అక్కడ ఒక ఆశ్రమం కట్టించింది. బ్రూనెలెస్కీ 1419లో పని మొదలుపెట్టాడు, 1445లో పిల్లలను తీసుకోవడం ఆరంభమైంది. రాత్రిపూట ఎవరో తెచ్చి వదిలి వెళ్లిన బిడ్డలకు అక్కడ పాలు, పేరు, గూడు దొరికేవి. ఆ భవనం ముఖద్వారం స్తంభాల పైన 1487లో ఆంద్రెయా డెల్లా రోబియా గుండ్రటి మట్టి పలకలు అమర్చాడు. నీలి నేపథ్యం మీద గుడ్డలో చుట్టిన తెల్లటి పసికందు, చేతులు చాచి. ఒక్కదానికీ రెక్కలు పెట్టలేదాయన! తలుచుకుంటే పెట్టలేకనా? ఎత్తుకోమని చేతులు చాచిన బిడ్డకు రెక్కలు పెడితే, దారిన పోయేవాడు బాగుందనుకుని వెళ్లిపోతాడు. రెక్కల్లేవు కాబట్టే ఎత్తుకోవాలనిపిస్తుంది.

అలాగని క్రిస్మస్ నాటకంలో దూతవేషం వేసే మన పిల్లల అట్టముక్కల రెక్కలు విప్పించమని మేము అనడం లేదు. వేదిక పక్కన పిన్నీసులు నోట్లో పెట్టుకుని ఆ రెక్కలు సరిచేసే తల్లులు, మధ్యలో మాట మరిచిపోయే గబ్రియేలు మన సంఘాల సంతోషం. ఆ పిల్లల చేత మొదటి మాట మాత్రం గట్టిగా చెప్పించండి: భయపడకుడి! గొల్లలు నిజంగా భయపడ్డారు కాబట్టే దూత ఆ మాట అనవలసి వచ్చింది. ఆ దూత బుజ్జి పాపడే అయితే ఆ మాటకు అర్థమే లేదు.

పునరుజ్జీవన చిత్రకారుల్లో పసిదూతలను కన్నీళ్లతో గీసినవారూ ఉన్నారు. సిసిలీ వాడైన ఆంతొనెల్లో దా మెస్సీనా 1475 ప్రాంతంలో గీసిన చిత్రం మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. చనిపోయిన క్రీస్తు తల వెనక్కి వాలిపోయి, పక్కలోని గాయం తెరుచుకుని ఉంటే, ఒక చిన్న దూత వెనుకనుంచి ఆయన బరువు ఆనుకుని ఏడుస్తుంటాడు. వెనక నేల మీద పుర్రెలు, ఎండిన మోళ్లు, ఆ అవతల పచ్చని ఊరు. ఈ పసిముఖాన్ని ఏ మిఠాయి డబ్బా మీదా వేయలేరు. మరణం తన చేతుల్లో ఎంత బరువుందో తెలిసిన దూత అతడు. పిల్లల సమాధుల దగ్గర మాకు ఓదార్పుగా కనిపించేది స్టాంపు మీది ముఖం కాదు, ఇదే.

సిలువ మీద మన ప్రభువు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందికి చినిగింది (మత్తయి 27:51). కెరూబులను నేసిన ఆ పాత అడ్డతెరకు వారసురాలే ఆ తెర. ఏదెను వాకిలినుంచి మొదలైన కాపలా అక్కడ ముగిసింది. ధైర్యంగా లోపలికి ప్రవేశించడానికి ఆయన శరీరమనే తెర గుండా కొత్త మార్గం తెరుచుకుందని హెబ్రీ పత్రిక చెబుతుంది (10:19–20). కాపలా ఎంత కఠినమో తెలియనివాడికి దారి తెరుచుకోవడం వార్తే కాదు. పసిపాపలు కాసే తలుపును ఎవరైనా తోసుకుపోవచ్చు, దానికి సిలువ అక్కర్లేదు కదా!

ఆదివారం తెల్లవారకముందే మగ్దలేనే మరియ సమాధి దగ్గరికి వచ్చింది. ఆ సమాధి ఒక తోటలో ఉందని యోహాను ప్రత్యేకంగా రాశాడు (19:41). ఆమె ఏడుస్తూ లోపలికి వంగి చూసింది. తెల్లని బట్టలతో ఇద్దరు దూతలు, యేసు దేహాన్ని ఉంచిన చోట తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు కూర్చుని ఉన్నారు (20:12). రెండు కొనల్లో ఇద్దరు, మధ్యలో ఖాళీ స్థలం. కరుణాపీఠం ఎలా ఉండేదో నిర్గమకాండంలో చదివినవారికి ఇది వెంటనే తెలిసిపోతుంది. కాని ఈసారి వాళ్ల దగ్గర ఖడ్గం లేదు. ఎందుకేడుస్తున్నావని మాత్రం అడిగారు. ఆమె వాళ్ల రెక్కలను చూసిందో లేదో, వాళ్ల అందాన్ని చూసిందో లేదో సువార్తికుడు చెప్పలేదు. నా ప్రభువును ఎక్కడ పెట్టారో తెలియడం లేదని చెప్పి, వాళ్లకు వీపు చూపించి వెనక్కి తిరిగింది. ఎదురుగా ఒకాయన నిలబడి ఉన్నాడు. తోటమాలి అనుకుంది.